సర్వేలో రాసుకున్న మాటను మళ్లీ ఊరికి తెచ్చి వినిపించండి

పథకాల మీద సర్వేలు చేయించే అధికారులకు, ఆ లెక్కలతో నివేదికలు రాసే పరిశోధకులకు,

నమస్కారం.

నాది ఉమ్మడి ప్రకాశం జిల్లా కనిగిరి దగ్గర ఒక పల్లె. పద్నాలుగేళ్లుగా సర్వే పని చేసుకుని బతుకుతున్నాను. మొదట్లో కాగితాల కట్టలు సంచిలో వేసుకుని తిరిగేదాన్ని, ఇప్పుడు ట్యాబ్ పట్టుకుని తిరుగుతున్నాను. పింఛన్లు, రేషన్ బియ్యం, ఉపాధి పని, పొదుపు సంఘాల అప్పులు, అంగన్‌వాడీ గుడ్లు, కుళాయిలు, బడి మానేసిన పిల్లలు, ఇలా ఇన్నేళ్లలో నేను అడగని సంగతి లేదు. ఒక్కో ఇంట్లో గంట, గంటన్నర కూర్చుని నేను రాసుకున్నదే మీ దగ్గరికొచ్చేసరికి శాతం అవుతుంది. ఆ శాతాన్ని చూసి ఒక పథకాన్ని ఉంచాలా, మార్చాలా, తీసేయాలా అని ఆలోచిస్తారు. అందుకే నా పని మీద నాకు గౌరవం ఉంది, మీ పని మీదా ఉంది. ఆ గౌరవంతోనే ఈ లేఖ రాస్తున్నాను.

రెండేళ్ల కిందటి ఎండాకాలంలో తాగునీటి మీద ఒక సర్వే చేశాం. పొదిలి వైపు ఊళ్లో ఒక అవ్వ ఇంటికి వెళ్లాను. అంతకు రెండేళ్ల ముందు, మొదటి పరిస్థితి రాసుకునే బేస్‌లైన్ సర్వేకి ఆ ఇంటికి వెళ్లిందీ నేనే. వసారాలో నులకమంచం మీద కూర్చుని చేటలో కందిపప్పు చెరుగుతోంది. నన్ను గుర్తుపట్టింది. మోకాళ్ల మీద చేతులు ఆనించి లేవబోయి, లేవలేక మళ్లీ కూలబడింది.

మీ ఇంటికి కుళాయి ఉందా అన్నది మొదటి ప్రశ్న. ఉంది. వాకిట్లో సిమెంటు దిమ్మెకు బిగించిన పైపు, దానికి కుళాయి, దాని కింద గేదె కుడితి తొట్టి. 'ఉంది' అని నొక్కాను. నీళ్లు వస్తున్నాయా అన్నది రెండో ప్రశ్న. రోజు మార్చి రోజు వస్తున్నాయంది. అదీ నొక్కాను. మూడో ప్రశ్న మరుగుదొడ్డి మీదికి వెళ్లిపోయింది.

"ఉండమ్మాయ్, ఆ నీళ్లు గేదెకీ గిన్నెలకీ. మేం తాగేది ఇయ్యి" అంటూ మంచం కిందికి చూపించింది. ఇరవై లీటర్ల క్యాన్. మూతకు గుడ్డ చుట్టి పెట్టుకుంది. ఆటోలో తెచ్చి అమ్మేవాళ్ల దగ్గర పింఛను డబ్బుతో కొనుక్కుంటుంది. ఆ సంగతి రాసుకునే గడి నా ట్యాబ్‌లో లేదు. చివర్లో 'ఇతర వివరాలు' అన్నచోట టైపు చేశాను. అక్కడ రాసింది లెక్కలో కలవదని ట్రైనింగ్‌లోనే చెప్పారు. కాబట్టి ఆ సర్వే ప్రకారం అవ్వ ఇంటికి మంచినీటి సౌకర్యం ఉన్నట్టే.

నేను చెప్పులు వేసుకుంటుంటే అడిగింది. "పోయిన తడవా ఇట్టనే కూర్చోబెట్టి అడిగి రాసుకోని పోయావు గదా. అది ఏమైందమ్మాయ్? ఏం తేలింది?"

నాకు తెలియదు. బేస్‌లైన్ రిపోర్టు నేను చూడలేదు, ఎవరూ చూపించలేదు. అడిగితే ఇస్తారో లేదో కూడా అప్పటిదాకా ఆలోచించలేదు. "పైకి పంపించామవ్వా" అని చెప్పి బయటికొచ్చాను. ఆ జవాబు ఇచ్చినందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

రాసుకుని పోయింది ఏమైంది అని అవ్వ అడిగిన ప్రశ్న మా ప్రాంతానికి కొత్తది కాదు. 1930ల్లో ఇక్కడి రైతులు ఎద్దులు కీళ్లు బిగుసుకుపోయి నడవలేకపోతున్నాయని గమనించారు. ఆ తర్వాత కొన్నేళ్లకు అదే జబ్బు మనుషుల్లో కనిపించింది. 1937లో షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు మద్రాసు ప్రెసిడెన్సీలోని మా పల్లెల జబ్బును పరీక్షించి, తాగేనీళ్లలోని ఫ్లోరైడే దీనికి కారణమని వైద్య పత్రికలో ప్రకటించారు. ఫ్లోరోసిస్ అనే ఈ జబ్బు మీద దేశంలో వచ్చిన తొలి నివేదికల్లో అదొకటి. దర్శి, పొదిలి, కనిగిరి అప్పట్లో నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడ్డాక ఇటు వచ్చాయి.

అంటే మా ఊళ్ల మీద పరిశోధన జరగలేదని ఎవరూ అనలేరు. ముందు కనిపెట్టింది రైతు, తర్వాత రుజువు చేసింది డాక్టరు. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ ఒక మిల్లీగ్రాము దాటకపోతే మంచిది, వేరే దారి లేకపోతే ఒకటిన్నర వరకు సరిపెట్టుకోవచ్చు అని ప్రమాణం పెట్టారు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసేసే పద్ధతి నల్గొండ పేరుతోనే వచ్చింది. కృష్ణా నీళ్లు తెచ్చే వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేశారు. జబ్బు సంగతి తెలిసి తొంభై ఏళ్లు కావస్తున్నా అవ్వ మంచం కింద క్యాన్ ఉంది, వాకిట్లో కుళాయి ఉంది, మన ఫారంలో మాత్రం కుళాయి ఒక్కటే ఉంది.

పరిశోధన దండగ అని నేను అనడం లేదు. సరిగ్గా అడిగితే ఎంత మేలు జరుగుతుందో మన తెలుగు నేల మీదే చూశాం. ఉమ్మడి రాష్ట్రంలో ఉపాధి కూలీ, పింఛను డబ్బు వేలిముద్ర కార్డుతో ఇచ్చే స్మార్ట్‌కార్డుల పద్ధతి తెచ్చినప్పుడు, ఏ మండలంలో ముందు మొదలుపెట్టాలి, ఏ మండలంలో తర్వాత అన్నది లాటరీ పద్ధతిలో తేల్చారు. 157 మండలాలు, సుమారు 1.9 కోట్ల జనం. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ అనే ఆర్థికవేత్తలు కార్డులు వచ్చిన మండలాలను, ఇంకా రాని మండలాలను పక్కపక్కన పెట్టి చూశారు. కూలి డబ్బు తొందరగా అందింది. మధ్యలో మాయమయ్యే సొమ్ము తగ్గింది. డబ్బు కోసం పడిగాపులు పడే సమయం తగ్గింది. నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. స్థానిక నాయకుల నుంచి ఫిర్యాదులు ఎక్కువై ఆ పద్ధతిని ఆపేద్దామా అన్న ఆలోచన ప్రభుత్వంలో వచ్చింది. అప్పుడు కూలీలనూ పింఛనుదారులనూ అడిగిన సర్వే లెక్క బయటపెట్టారు. చాలా ఎక్కువమంది పాత పద్ధతి కంటే ఇదే నయమన్నారు. పథకం నిలిచింది. పెద్ద గొంతుతో ఫిర్యాదు చేసినవాళ్లది ఒక మాట, చడీచప్పుడు లేకుండా డబ్బు అందుకున్నవాళ్లది ఇంకో మాట. రెండో మాట సర్వే చేయకపోతే ఎవరికీ వినపడేది కాదు. అందుకే మా పని మానేయమని నేను ఎప్పుడూ అనను.

ఇంకా వెనక్కి వెళ్తే నెల్లూరు ఆడవాళ్లు ఉన్నారు. 1990ల మొదట్లో ఆ జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. పగలంతా కూలికి వెళ్లొచ్చి రాత్రి లాంతరు ముందు కూర్చున్న ఆడవాళ్లు అక్షరాలతో పాటు తమ ఇంటి లెక్క కూడా తీశారు. ఇంటికొచ్చే కూలి ఎంత, అందులో సారా కొట్టుకు పోయేది ఎంత అని. దూబగుంట అనే ఊళ్లో సారా దుకాణం ఎత్తేయించారు. ఊరూరా అదే జరిగింది. 1993 ఏప్రిల్‌లో ముందు నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ జిల్లాలోనే రోజుకో రూపాయి పక్కన పెట్టే పొదుపులక్ష్మి సంఘాలు మొదలయ్యాయి. ఇవాళ ఏ ఊళ్లో చూసినా కనిపించే డ్వాక్రా సంఘాల కథలో అదొక పెద్ద అధ్యాయం. అప్పుడు ఆ ఆడవాళ్లు చేసింది కూడా సర్వేనే అని నా నమ్మకం. తేడా ఒక్కటే. లెక్క తేలిన రోజున ఆ లెక్క వాళ్ల చేతిలోనే ఉంది. మాకు ఇప్పుడు లేనిది అదే.

ఇక తాళాల సంగతి. దీని గురించి మీకు కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే ఆఫీసులో కూర్చుంటే ఇది కనిపించదు.

మాకు ఒక్కో ఊరికి పన్నెండో పదిహేనో ఇళ్ల పేర్లు ఇచ్చి పంపిస్తారు. పోయిన మార్చిలో ఒక ఊళ్లో పన్నెండు పేర్లిచ్చారు. వెళ్లి చూస్తే ఐదిళ్లకు తాళాలు. ఒక ఇంటి తలుపుకు సంక్రాంతికి కట్టిన మామిడాకులు ఎండి గలగలమంటున్నాయి. గడప ముందు ముగ్గు చెరిగిపోయి నెలలైంది. అరుగు మీద కరెంటు బిల్లులు మూడు, ఎగిరిపోకుండా వాటి మీద ఒక రాయి. పక్కింటావిడను అడిగితే, "బేల్దారి పనికి పోయారమ్మా, మొగుడూ పెళ్లామూ బెంగళూరు, పిల్లోడు కూడా వాళ్లతోనే. మళ్లీ తిరునాళ్లకి రావాల" అంది. మిగతా నాలుగిళ్ల కథా అంతే, ఊరి పేరే మారుతుంది, హైదరాబాద్ అని, మద్రాసు అని.

మా రూలు ప్రకారం మూడుసార్లు వెళ్లాలి. మూడోసారీ తాళమే ఉంటే బదులుగా ఇంకో ఇంటిని తీసుకోవచ్చు. బదులుగా దొరికేది ఎవరి ఇల్లు? ఊళ్లో ఉన్నవాళ్ల ఇల్లు. ఎండాకాలంలో మా ఊళ్లలో ఉండేది ఎవరు? బోరులో ఇంకా నీళ్లున్న రైతు, ఉద్యోగం ఉన్న కుటుంబం, కొట్టు పెట్టుకున్నవాళ్లు, లేదంటే కదల్లేని ముసలివాళ్లు. పనిలేక వలస వెళ్లిన కుటుంబం స్థానంలో వలస వెళ్లక్కర్లేని కుటుంబం వచ్చి కూర్చుంటుంది. ఐదిళ్లు అలా మారాక ఆ ఊరి ఆదాయం కాగితం మీద దానంతటదే పెరుగుతుంది. ఎవరూ అబద్ధం చెప్పలేదు. నేను చెప్పలేదు, ఆ ఇళ్లవాళ్లు చెప్పలేదు. అయినా తప్పు లెక్క వచ్చింది.

దీనికి తోడు చాలా సర్వేల్లో ఇంకో నిబంధన ఉంటుంది. ఏడాదిలో ఆరు నెలలైనా ఆ ఇంట్లో ఉన్నవాళ్లనే సభ్యులుగా రాసుకోవాలి. ఎనిమిది నెలలు బయట ఉండి, సంపాదించిన డబ్బంతా ఇక్కడ అప్పు తీర్చడానికి పంపే కొడుకు మా ఫారంలో ఉండడు. అక్కడ రేకుల షెడ్డులో ఉంటున్నప్పుడు ఏ సర్వే అయినా వాళ్ల దగ్గరికి వెళ్తుందా అని వలస వెళ్లొచ్చినవాళ్లను చాలామందిని అడిగాను. ఒక్కరూ అవునని చెప్పలేదు.

తాళం కూడా ఒక జవాబే. దాన్ని రాసుకోనివ్వండి. ఎన్ని ఇళ్లకు తాళం ఉంది, ఎక్కడికి వెళ్లారు, ఎప్పుడు వస్తారని పక్కింటివాళ్లు చెప్తారు, ఫోన్ నంబరు కూడా ఇస్తారు. ఫోన్ చేసి అడగడానికి మాకు ఒక రోజు కూలి ఎక్కువ ఇస్తే చాలు. లేదా సంక్రాంతికి, తిరునాళ్లకు అందరూ ఊళ్లో ఉన్న వారంలో సర్వే పెట్టండి. మాకు పండగ పోతుంది, అయినా వస్తాం.

నెల్లూరు వైపు జనం ఇంకో రకంగా లెక్కలోంచి జారిపోతారు. సముద్రం పక్క మండలాల్లో రొయ్యల గుంటల గట్ల మీద కాపలా ఉండే యానాది కుటుంబాలను చూశాను. మా చేతికిచ్చే పేర్ల జాబితా రేషన్ కార్డుల నుంచో, ఓటర్ల లిస్టు నుంచో తీస్తారు. కార్డే లేని మనిషి పేరు ఆ జాబితాలో ఎలా వస్తుంది? కార్డు అందనివాళ్లు ఎంతమంది అని కార్డు ఉన్నవాళ్ల లిస్టు పట్టుకుని తేల్చలేం కదా. గట్లు, కాలువ కట్టలు, ఇటుక బట్టీలు తిరిగి ముందు ఇళ్లు లెక్కపెట్టి, ఆ తర్వాత శాంపిల్ తీయాలి. ఖర్చు ఎక్కువే, కాదనను.

భయం గురించి కూడా చెప్పాలి. ఊళ్లో సర్వే అంటే ఇప్పుడు వేరే అర్థం వచ్చింది. "ఏం తీసేయడానికి వచ్చావమ్మా?" అని నన్ను వాకిట్లోనే ఆపి అడిగినవాళ్లు ఉన్నారు. కరెంటు ఎన్ని యూనిట్లు కాలుతోంది అనగానే ముఖం మారిపోతుంది. మూడు వందల యూనిట్లు దాటితే పథకాలు పోతాయని అందరికీ తెలుసు. పొలం ఎంత అంటే తక్కువ చెప్తారు. కొడుకు విడిగా ఉంటున్నాడంటారు, అతని చొక్కా దండెం మీద ఆరుతూనే ఉంటుంది. ఫోన్‌లో వచ్చే కాల్ సంగతైతే చెప్పనే అక్కర్లేదు. సంతృప్తిగా ఉంటే ఒకటి నొక్కండి అంటుంది. ఒక పెద్దాయన నా ఎదురుగానే ఆ కాల్ ఎత్తి, ప్రశ్న పూర్తి కాకముందే ఒకటి నొక్కేశాడు. ఏంది పెద్దాయనా, వినకుండానే నొక్కావే అంటే, "రెండు నొక్కితే పింఛను ఆగిపోద్దంట గదమ్మా" అన్నాడు. ఆయనకు అలా ఎవరు చెప్పారో తెలియదు. ఆ ఒకటి మాత్రం ఎక్కడో సంతృప్తి శాతంలో కలిసిపోయింది.

అర్హులను ఏరడానికి చేసే తనిఖీ వేరు, పథకం ఎలా పనిచేస్తోందో తెలుసుకోవడానికి చేసే సర్వే వేరు. ఈ రెండింటినీ ఒకే మనిషితో, ఒకే ట్యాబ్‌తో, ఒకే ఆధార్ నంబరు అడిగి చేయిస్తే నిజం ఎవరు చెప్తారు? జనాభా లెక్కల్లో మనిషి చెప్పిన వివరాలు బయటపెట్టకూడదని, వాటిని అతని మీద సాక్ష్యంగా వాడకూడదని 1948 నాటి చట్టంలోనే రాసుంది. మీరు చేయించే ప్రతి సర్వేకూ అలాంటి హామీ ఇవ్వండి. ఆధార్ అడగొద్దు. చెప్పింది ఎవరి పింఛనుకూ అడ్డం రాదని మీ సంతకంతో ఉన్న కాగితం తెలుగులో మా చేతికివ్వండి. నేను నోటితో చెప్తే నమ్మరు, కాగితం చూపిస్తే కొంత నమ్ముతారు.

జిల్లా లెక్కల గురించి ఒక్క మాట. ఇప్పటికీ చాలా నివేదికల్లో 2011 జనాభా లెక్కలే ఆధారం. 2022 ఏప్రిల్‌లో జిల్లాల హద్దులు మార్చినప్పుడు చీరాల, పర్చూరు, అద్దంకి బాపట్ల వైపు, కందుకూరు నెల్లూరు వైపు వెళ్లాయి. డెల్టా నీళ్లున్న ప్రాంతం విడిపోయాక మిగిలిన మెట్ట జిల్లా అంకెలను పాత ప్రకాశం అంకెలతో పోల్చి పెరిగింది, తగ్గింది అని రాయకండి. మండలాలవారీగా ఇవ్వండి, హద్దులు ఎటు మారినా ఉపయోగపడతాయి.

ఇప్పుడు అవ్వ ప్రశ్నకు వస్తాను. ఈ లేఖలో నేను ప్రధానంగా అడిగేది అదే.

ఫలితాలు ఊరికి తెచ్చి చెప్పడం కుదరదని, జనానికి అర్థం కాదని ఒక మీటింగులో నాతో అన్నారు. ఉపాధి హామీలో సామాజిక తనిఖీ ఎలా నడిచిందో మీరు చూసే ఉంటారు. తనిఖీ గ్రామసభ చేతిలో ఉండాలని 2005 నాటి చట్టం 17వ సెక్షన్‌లో పెట్టారు. మన రాష్ట్రం 2009లో దానికి విడిగా ఒక సొసైటీ ఏర్పాటు చేసి దేశానికి దారి చూపించింది. మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టీలు, పట్టుకుని ఇంటింటికీ వెళ్లి, నువ్వు ఇన్ని రోజులు పని చేశావా, ఇంత డబ్బు అందిందా అని అడిగారు. తేలింది ఊళ్లో చదివారు, తర్వాత మండలంలో ప్రజావేదిక పెట్టి మైకులో చదివారు. చదువు రాని కూలి మనిషి లేచి నిలబడి, "నేను ఆ వారం ఊళ్లోనే లేను, నా పేరు మీద డబ్బులు ఎవరు తీసుకున్నారు?" అని అడగడం నేను కళ్లారా చూశాను. పైసలతో సహా అర్థమైంది ఆమెకు. నూటికి ఎన్ని ఇళ్లలో కుళాయి నీళ్లు తాగుతున్నారన్నది ఆమెకు అర్థం కాదా?

మెట్ట పంటల మీద పరిశోధన చేసే ఇక్రిశాట్ సంస్థ వాళ్లు 1975 నుంచి కొన్ని ఊళ్లలో అవే కుటుంబాలను ఏళ్ల తరబడి పలకరిస్తూ లెక్కలు రాశారు. తర్వాతి కాలంలో అప్పటి ప్రకాశం జిల్లాలోని పామిడిపాడు, జె.సి. అగ్రహారం కూడా ఆ ఊళ్లలో చేరాయి. అక్కడ ఇన్వెస్టిగేటర్ ఆ ఊళ్లోనే కాపురం ఉండేవాడు. అడిగిన మనిషి మర్నాడు కూడా టీ కొట్టు దగ్గర కనిపిస్తాడంటే చెప్పేవాళ్లు చెప్పే తీరే వేరుగా ఉంటుంది. అన్ని సర్వేలకూ అది సాధ్యం కాదు, నాకు తెలుసు. కనీసం ఒకసారి తిరిగి రావడం సాధ్యమే కదా.

బడ్జెట్ వేసేటప్పుడే ఆ రాకకు డబ్బు పెట్టండి. ట్యాబ్‌లకు, కార్లకు, హోటల్ గదులకు రాసినట్టే దానికీ ఒక లైను రాయండి. రెండు పేజీల్లో, తెలుగులో, మా ఊళ్లవాళ్లు మాట్లాడుకునే మాటల్లో తేలింది రాయండి. మీ ఊళ్లో ఇది కనిపించింది, మండలంలో ఇది, ఇది మాకు తేలలేదు, దీని మీద ప్రభుత్వానికి ఇలా చెప్పాం అని. ప్రశ్నల ఫారం ఖాయం చేసే ముందు ఒక్క రోజు మా ఊళ్లలో కూర్చుని నలుగురికి చదివి వినిపించండి. కుళాయి ప్రశ్న పక్కన ఏ ప్రశ్న పెట్టాలో అవ్వ ఐదు నిమిషాల్లో చెప్పేది. 'ఇతర వివరాలు' అన్నచోట మేం రాసింది ఎవరో ఒకరు కూర్చుని చదవాలి. మా పేర్లు కృతజ్ఞతల్లో లేకపోయినా ఫరవాలేదు, రిపోర్టు మాత్రం మాకు పంపండి.

వచ్చే రోజు ముందుగా చెప్తే ఏర్పాట్లు నేను చూసుకుంటాను. మా ఊరి రామాలయం దగ్గర మైకు ఉంది, అరుగు మీద యాభై మంది పడతారు. పొద్దున వస్తే ఎవరూ దొరకరు, రాత్రి ఏడున్నర తర్వాత పెట్టుకుందాం. బెంగళూరులో ఉన్నవాళ్లకు వీడియో కాల్ కలుపుతాను. చదవడానికి మీకు ఇబ్బందైతే నేనే చదువుతాను. పొదిలి అవ్వను ఆటోలో తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెడతాను.

ఇట్లు,
మీ సర్వేల్లో పనిచేసే ఒక ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్,
కనిగిరి ప్రాంతం, ఉమ్మడి ప్రకాశం జిల్లా